గంగ్రేల్ దారిలో దుబ్‌రాజ్

మా బంధువుల్లో ఎవరు నార్వే వెళ్ళొచ్చినా ఫోను నా చేతిలో పెట్టి ఫ్లోమ్ రైలు వీడియో చూపిస్తారు. మిర్దాల్ కొండమీంచి 20 కిలోమీటర్లు దిగి, జలపాతాలూ పొలాలూ దాటించి, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఫియర్డ్ ఒడ్డున దించుతుందా రైలు. చూడముచ్చటగానే ఉంటుంది. నాకు ఒళ్ళు మండేది ఆ తర్వాత వచ్చే మాటకి: "మీ భిలాయ్‌లో ఏముంది, ఫ్యాక్టరీ పొగ తప్ప?"

ఎందుకు లేదు? తెల్లవారుతూనే పులిహోర కట్టుకుని దుర్గ్, గుండర్‌దేహి మీదుగా బాలోద్ వెళ్ళండి. తాండుల చెరువుగట్టున కాసేపు ఆగి, గురూర్ మీదుగా ధమ్‌తరి చేరండి. ఊరు దాటిన కాసేపటికే గంగ్రేల్. మహానదికి అడ్డంగా కట్టిన రవిశంకర్ సాగర్ అదే. వానలు వెలిశాక వెళితే అడవికొండల మధ్య సందు దొరికిన చోటల్లా నీళ్ళే. ఫియర్డ్‌ని మంచు తొలిచింది, దీన్ని మనుషులు కట్టారు. దీని అడుగున ఊళ్ళున్నాయి. మునిగిపోయిన ఊరి దేవత అంగార్‌మోతీ తల్లిని జనం ఒడ్డుకు తెచ్చి నిలుపుకున్నారు. ఏటా దీపావళి వెళ్ళాక అక్కడ మడై జాతర చేస్తారు. మా స్టీల్ ప్లాంటుకి కాలవల్లో వచ్చేవి ఈ తాండుల, గంగ్రేల్ నీళ్ళే. దేశమంతా రైళ్ళు నడిచే పట్టాల్లో ఈ నీళ్ళ పాలుంది.

అయితే నాకు నీళ్ళకన్నా దారి ఇష్టం. గట్లమీద తుమ్మచెట్లు నిలబడి ఉన్న ఆ వరిపొలాలు ఇష్టం. ఓ శ్రావణమాసంలో మా అమ్మ జీపు ఆపించేసింది. జానెడు పైగా ఎదిగిన పచ్చటి చేలో ఒక రైతు నాగలి కట్టి దున్నుతున్నాడు. శ్రీకాకుళం పల్లెలో పుట్టిన మనిషికి అది చూసి ప్రాణం ఆగుతుందా! "అయ్యయ్యో, మొలిచిన చేన్ని దున్నేస్తన్నాడేటి!" అంటూ గట్టుమీదకి పరిగెత్తింది. ఆయన నవ్వి "బియాసీ, దాయీ" అన్నాడు. ఇక్కడ విత్తనం వెదజల్లుతారు. నెల తిరిగి మడిలో నీళ్ళు నిలిచాక చేనుమీదే తేలిగ్గా దున్నుతారు. కలుపు చస్తుంది, ఒత్తుగా ఉన్నచోట పలచబడుతుంది, మిగిలిన మొక్క పిలకలు వేస్తుంది. పడిపోయిన మొక్కలు నాలుగు రోజుల్లో తలెత్తుతాయని ఆయన చెప్పినా అమ్మ నమ్మలేదు. ఒక మొక్కని తనే వంగి నిలబెట్టి, వేళ్ళతో మన్ను అదిమింది.

ఆ రైతు ఇంటివాళ్ళ దగ్గరే దుబ్‌రాజ్ బియ్యం కొన్నాం. అన్నం ఉడుకుతుంటే పక్క క్వార్టర్ వాళ్ళు తలుపు కొట్టి అడిగేవారు. ఇప్పుడు సెక్టార్ బజార్లో ఆ పేరు రాసిన సంచులకి కొదవలేదు. గుప్పిట్లోకి తీసుకుని ఎంత వాసన చూసినా ఏమీ రాదు. అసలు దుబ్‌రాజ్ పొడుగు పైరు, గాలికి పడిపోతుంది, కోతకి అయిదు నెలలు పడుతుంది, దిగుబడి తక్కువ. దాని మళ్ళలోకి మన మారుటేరు స్వర్ణ వచ్చింది. స్వర్ణ ఎందరి కడుపు నింపిందో నాకు తెలుసు, రైతుని తప్పుపట్టను. నా కోపం వేరే వాళ్ళమీద. కటక్‌లో వరి పరిశోధన సంస్థకి డైరెక్టరుగా చేసిన రిఛారియా, ఆ తర్వాత రాయ్‌పూర్ కేంద్రంగా ఊరూరా తిరిగి వేల రకాల వరి విత్తనాలు పోగుచేయించారు. ఏ రకం ఏ మడిలో పండుతుందో రైతునే అడిగి రాయించుకున్న పెద్దమనిషి. అలాంటాయన రాయ్‌పూర్‌లో నడిపిన సంస్థని మూసేశారు. 2002లో రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ విత్తనసంపద విషయంలో సింజెంటా అనే విత్తనాల కంపెనీతో ఒప్పందానికి దిగింది. జనం రోడ్డెక్కాకే ఆ ఒప్పందం ఆగిపోయింది. ఆ విత్తనాలు ఎవరివని? చేలో వంగి మొక్క నిలబెట్టినవాళ్ళవి కావూ!

2023లో నగరీ దుబ్‌రాజ్‌కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గంగ్రేల్‌లో పడవ షికారు మానుకుంటే, చీకటి పడకముందే నగరీ వెళ్ళొచ్చు. మహానది పుట్టిన సిహావా కొండలు ఆ పక్కనే. సంచి చూసి కొనకండి, వండి చూపించమనండి. పులిహోరకైతే ఏడాది పాతబడ్డ బియ్యం అడగండి, కొత్తవి ముద్దయిపోతాయి.