ఎవరు చెప్పారు నీకు?

'అర్బన్ లెజెండ్' అనే హాలీవుడ్ సినిమా గురించి ఈ పత్రికలో రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. 1998 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైన ఈ సినిమాని గొప్ప సినిమా అని అప్పుడు ఎవరూ పెద్దగా అనలేదు, ఇప్పుడు నేనూ అనను. 1996లో 'స్క్రీమ్', 1997లో 'ఐ నో వాట్ యు డిడ్ లాస్ట్ సమ్మర్' బాగా ఆడాక అదే మూసలో వచ్చినవాటిలో ఇదొకటి. కాలేజీ పిల్లలు, ముసుగు వేసుకున్న ఒక హంతకుడు, ఒకరి తర్వాత ఒకరుగా చావులు. సమీక్షకులు చాలామంది పెదవి విరిచారు. జనం మాత్రం చూశారు. ప్రపంచమంతా కలిపి ఏడు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. తర్వాత రెండు కొనసాగింపులు కూడా తీశారు.

నన్ను పట్టుకున్నది సినిమా కాదు, దాన్ని చూసినవాళ్లు అనే మాటలు. దీన్ని నేను రెండు గుంపులతో కలిసి చూశాను. మొదటిసారి 2011 చలికాలంలో, పరిశోధక విద్యార్థినుల హాస్టల్లో, ఒక లాప్‌టాప్ ముందు ఆరుగురం ఒకే మంచం మీద కూచుని. రెండోసారి పోయినేడాది, జానపద విజ్ఞానం పాఠం అయ్యాక మా ఎం.ఏ. అమ్మాయిలతో. మధ్యలో అమెరికాలో ఉంటున్న స్నేహితురాళ్లతో, స్లాషర్ సినిమాలంటే పడిచచ్చే మగ స్నేహితులతో మాట్లాడాను. అందరూ ఇంచుమించు ఒకేచోట నవ్వారు, ఒకేచోట నవ్వడం మానేశారు.

కథ చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పెండిల్‌టన్ అనే ఒక కల్పిత విశ్వవిద్యాలయం. అక్కడ విద్యార్థులు ఒక పద్ధతి ప్రకారం చనిపోతుంటారు. ప్రతి చావూ అమెరికాలో అందరికీ తెలిసిన ఒక 'నిజంగా జరిగిందట' కథకు నకలు. మేం చదువుకున్నప్పుడు ఐతిహ్యం అంటే ఏదో కోట, ఏదో గుడి, ఏదో చెరువుగట్టు. జాన్ హెరాల్డ్ బ్రన్వాండ్ అనే జానపద శాస్త్రవేత్త 1981లో 'ది వానిషింగ్ హిచ్‌హైకర్' అనే పుస్తకం వేసి, ఐతిహ్యాలు పల్లెల్లోనే కాదు, కార్లలో, కాలేజీ హాస్టళ్లలో కూడా పుడతాయని మామూలు పాఠకులకు పరిచయం చేశాడు. వీటి లక్షణం ఒకటుంది. చెప్పేవాళ్లకు ఎప్పుడూ జరగవు. స్నేహితురాలి స్నేహితురాలికి జరుగుతాయి. ఎవరు చెప్పారని వెనక్కి వెనక్కి వెళితే చివర ఎవరూ దొరకరు.

సినిమా మొదటి సన్నివేశం ఇలాంటి కథల్లో బాగా పేరున్నదే. రాత్రి, వాన. ఒక అమ్మాయి ఒంటరిగా కారు నడుపుకుంటూ పెట్రోలు కోసం ఆగుతుంది. అక్కడి పనివాడికి నత్తి, చూపులు ఒక తీరుగా ఉండవు. ఏదో వంకతో ఆమెను లోపలికి పిలుస్తాడు. ఆమె హడలిపోయి అతన్ని తప్పించుకుని కారెక్కి పారిపోతుంది. వెనక సీటులో ఎవరో ఉన్నారని చెప్పడానికే అతను పిలిచాడు. నత్తి వల్ల ఆ మాట సమయానికి నోట్లోంచి రాలేదు. ఇక్కడ ఏ గుంపులోనూ ఎవరూ నవ్వలేదు. "నేనైనా పారిపోయేదాన్నే మేడమ్" అని మా విద్యార్థిని ఒకమ్మాయి అంది. పక్కనున్న అమ్మాయి, "అదే మరి. మాసిన బట్టల్లో ఉన్న మనిషిని చూసి భయపడమని మనకు చిన్నప్పట్నుంచీ నేర్పారు. కారు లోపల ఎవరున్నారో చూసుకోమని నేర్పలేదు" అంది. నేను ఆ రోజు చెప్పిన పాఠం కంటే ఈ మాట మెరుగ్గా ఉంది.

అందరూ ఒకేలా అన్న ఇంకో మాట హంతకుడి గురించి. హంతకుడు కాదు, హంతకి. కథానాయిక నేటలీకి దగ్గరి స్నేహితురాలు బ్రెండా. "ఆ సన్నటి పిల్ల అంతంత మగాళ్లను ఎలా మోస్తుంది? నమ్మేలా లేదు." దాదాపు ప్రతివాళ్లూ ఇది అన్నారు, ఆడవాళ్లు కూడా. జాగ్రత్తగా చూస్తే ఆమె అంత మోయనవసరమే లేదు. డేమన్ అనే కుర్రాడి మెడకు వేసిన తాడు రెండో కొస కారుకు కట్టి ఉంటుంది. నేటలీ ప్రాణభయంతో కారు ముందుకు పోనిస్తే ఆ కుర్రాడు పైకి లేస్తాడు. బరువు లాగింది కారు. 1978 'హాలోవీన్'లో మైకేల్ మయర్స్ ఆరు తూటాలు తిని, మేడ మీంచి కిందపడి, లేచి మాయమైతే ఎవరికీ నమ్మకం సడలలేదు. ఆడపిల్ల తాడు ముడి వేస్తే సడలింది.

అలాగని బ్రెండాను నేనేం వెనకేసుకు రావడం లేదు. ఆమె హత్యలకు కారణం కాబోయే భర్త చావు. నేటలీ, మొదట్లో చనిపోయిన మిషెల్ కలిసి ఒక రాత్రి హెడ్‌లైట్లు ఆర్పి కారు నడిపారు. ఎదురొచ్చినవాళ్లు సాయానికని లైటు మినుకుమనిపిస్తే వాళ్ల వెంటపడాలి. ఇదీ ఒక పుకారు కథలోదే. గ్యాంగులు ఇలా చేస్తున్నాయంటూ 1993లో అమెరికా ఆఫీసుల్లో ఫాక్సుల మీద ఫాక్సులు తిరిగాయి. వీళ్లు సరదాకి దాన్ని ఆడి చూశారు. ఒక యువకుడు చనిపోయాడు. అంటే చివరికి మన హంతకి కూడా ఒక మగవాడి కోసమే కత్తి పట్టింది. "ఇంత చేసి, దానికోసమా!" అని మా క్లాసులో ఒకమ్మాయి నిట్టూర్చింది. కారొల్ క్లోవర్ 1987లో 'ఫైనల్ గర్ల్' అని పేరుపెట్టి, చివరివరకూ బతికి నిలబడే ఆ అమ్మాయి గురించి రాసిన వ్యాసం చదివిన మన బోటివాళ్లకు, ఆ మిగిలిన అమ్మాయికే పాత తప్పు ఒకటి అంటగట్టడం కొంత ఆసక్తికరమైన విషయం. అంతకుమించి అందులో నాకేం కనపడలేదు.

నేను రాయాలనుకున్నది వేరే సన్నివేశం గురించి.

నేటలీ రూమ్మేట్ టాష్. నల్లబట్టలు, నల్లరంగు పెదవులు, గదికి అబ్బాయిల్ని తెచ్చుకుంటుంది. ఒకసారి నేటలీ తెలియక లైటు వేస్తే చీవాట్లు పెడుతుంది. మరో రాత్రి నేటలీ వచ్చేసరికి గది చీకటిగా ఉంటుంది, మంచం మీంచి చప్పుళ్లు. మళ్లీ అదే అనుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పడుకుంటుంది. పొద్దున లేచేసరికి టాష్ చనిపోయి ఉంటుంది. గోడమీద రక్తంతో, లైటు వేయనందుకు సంతోషంగా లేదా అన్న అర్థంలో ఒక ప్రశ్న. హత్య అని నేటలీ ఎంత చెప్పినా పెద్దలు వినరు. ఆ పిల్లకు మానసిక సమస్య ఉంది కాబట్టి ఆత్మహత్యే అని తేల్చేస్తారు. అదే విశ్వవిద్యాలయంలో పాతికేళ్ల కిందట ఒక హాస్టల్లో మారణకాండ జరిగిందని విద్యార్థులు చెప్పుకునే కథ కూడా ఉంటుంది. వట్టి కథ అంటారు అందరూ. చివరికి అది నిజమని తేలుతుంది. సంస్థ పరువు కోసం దాన్ని కథగా మార్చారు.

టాష్ సన్నివేశానికి 2011లో మేం పగలబడి నవ్వాం. "చప్పుళ్లలో తేడా తెలీదా దీనికి!" అని ఒకమ్మాయి. "దానికి కావలసిందే" అని ఇంకొకమ్మాయి. అది నేనే అయ్యుండొచ్చు. నా రూమ్మేట్ మాత్రం నీళ్ల సీసా పట్టుకుని బయటికి వెళ్లింది, సినిమా అయ్యేవరకూ రాలేదు. ఆమెకు ఇంగ్లీషు సినిమాలు పడవనుకున్నాం.

ఆమెది వేరే డిపార్ట్‌మెంటు. అంతకు నెలముందు నేను లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చి లైటు వేస్తే, "ఏమే, మనిషి పడుకుందని కనపడట్లేదా?" అని కసిరింది. అప్పట్నుంచి సెల్‌ఫోను వెలుగులోనే మంచం వెతుక్కునేదాన్ని. కొన్ని రాత్రులు దుప్పటి కింద ఏడుపు వినపడేది. వైజాగ్‌లో ఒకబ్బాయి ఉన్నాడని తెలుసు. ఇద్దరికీ మళ్లీ గొడవై ఉంటుందనుకుని నేనూ హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. మార్చిలో ఆమె సామాన్లు సర్దుకుని వెళ్లిపోయింది. ఫెలోషిప్ వదిలేసి ఎవరైనా వెళ్తారా అని మెస్సులో వారం రోజులు చెప్పుకున్నాం.

వైజాగ్ అబ్బాయితో గొడవ కాదని రెండేళ్ల తర్వాత ఒక సీనియర్ చెప్పింది. గొడవ ఆమె గైడ్‌తో. ఆమె ధైర్యం చేసి డిపార్ట్‌మెంటులో ఒక పెద్దాయనకు నోటిమాటగా చెప్పిందట. ఇలాంటి పుకార్ల వల్ల పాడయ్యేది నీ భవిష్యత్తేనమ్మా అని ఆయన అనునయంగా చెప్పాడట.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనీయనిది ఇంకొకటి. ఆ గైడ్ గురించి నాకు హాస్టల్లో చేరిన మొదటి వారమే తెలుసు. సీనియర్లు కొత్తవాళ్లను కూచోబెట్టుకుని చెప్పిన కబుర్లలో రెండు గుర్తున్నాయి. మూడో అంతస్తు చివరి గదిలో ఉరేసుకున్న అమ్మాయి అమావాస్యకు తలుపు కొడుతుందని ఒకటి. ఫలానా సార్ గదికి వెళితే తలుపు తీసే ఉంచు, ఐదు దాటాక అసలు వెళ్లకు అని రెండోది. రెండూ ఒకే సాయంత్రం, ఒకే నోటి నుంచి, ఒకే గొంతుతో విన్నాను. రెండూ హాస్టల్ కబుర్ల కిందే జమకట్టాను. నిజం చెప్పాలంటే దయ్యాన్నే కాస్త ఎక్కువ నమ్మాను. మూడో అంతస్తుకు రాత్రిపూట వెళ్లేదాన్ని కాదు.

ఆ కబుర్లు ఏళ్ల తరబడి ఆడపిల్లల నోళ్లలో బతికిన మౌఖిక సాహిత్యమనీ, అందులో ఒకటి భయం కోసం, ఇంకొకటి ప్రాణం కాపాడుకోవడం కోసం అనీ గుర్తుపట్టలేకపోయాను. అప్పుడు నేను చేస్తున్న పరిశోధన స్త్రీల మౌఖిక కథనాల మీద!

పుకారుకు మన దగ్గర విలువ లేదని కాదు. నా చిన్నప్పుడు, 1990లలో, మా వీధిలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతోనో బొగ్గుతోనో రాసి ఉండేది. రాత్రిళ్లు ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందనీ, మగవాళ్లను తీసుకుపోతుందనీ. కన్నడ ఊళ్లలో ఇదే 'నాళె బా'. మా నాన్న డిగ్రీ చదివిన మనిషి, అయినా రాశాడు. ఎవరు చూశారు, సాక్ష్యమేది అని ఊళ్లో ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. ప్రమాదం ఆడదాని రూపంలో మగవాళ్ల మీదికి వస్తోందంటే గాలివార్త చాలింది. ఆడపిల్లలు ఒక మగవాడి గురించి ఒకరికొకరు చెప్పుకుంటే మాత్రం తేదీ, సమయం, సాక్షి కావాలి.

కావద్దని అనగలనా? ఇక్కడే నాకు కాళ్లు తడబడతాయి. 2017లో వేధించారంటూ అధ్యాపకుల పేర్లతో ఒక జాబితా బయటికి వచ్చినప్పుడు, ఎవరు చెప్పారో తెలియకుండా పేర్లు వేయడం అన్యాయమని కొందరు స్త్రీవాదులు, చెప్పిన చోటల్లా వినలేదు కాబట్టే ఇలా వచ్చిందని మరికొందరు వాదించుకున్నారు. నేను ఉదయం ఒక పక్షం, సాయంత్రం ఇంకో పక్షం. బ్రెండా కథ కూడా గుర్తొచ్చింది. పుకారును ఆటగా ఆడితే ఏ సంబంధమూ లేని ఒక మనిషి చచ్చిపోయాడు. ఇప్పుడు నేను పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీలో సభ్యురాలిని. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు రాతలో ఉండాలి, మూడు నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు. రాయలేని మనిషికి రాయడంలో సాయం చేయాలని కూడా అందులో ఉంది. విశాఖ మార్గదర్శకాల కాలం నుంచి ఇంతవరకు రావడానికి ఎంతమంది ఎంత పోరాడారో తెలుసు కాబట్టి తేలిగ్గా మాట్లాడను. కానీ తలుపు తీసే ఉంచు అన్న మాట ఆ ఫారంలో ఏ గడిలో రాయాలి?

ఈ మధ్యనే, పరిశోధనలో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, ఒక మాట విన్నాను. నిజమో కాదో తెలీదు" అంది.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "ఎవరు చెప్పారు నీకు?"

అడగాలని అడగలేదు. అలవాటుగా వచ్చేసింది. ఆ అమ్మాయి ముఖంలో వెలుగు తగ్గడం కనపడింది. "ఎవరో అనుకుంటుంటే విన్నాను మేడమ్, ఏం లేదు" అని వెళ్లిపోయింది. తర్వాత రెండుసార్లు వరండాలో ఎదురుపడింది. నమస్తే మేడమ్ అని పక్కకు తప్పుకుంది. మూడోసారి నేనే ఆపి కాంటీన్‌కు తీసుకెళ్లాను. ఏం అడగలేదు. హాస్టల్లో మా సీనియర్లు నాకు చెప్పిన రెండు కథలూ చెప్పాను, దయ్యం కథ ముందు. దానికి నవ్వింది. రెండోది చెప్పి, నా రూమ్మేట్ సంగతి, నా హెడ్‌ఫోన్ల సంగతి కూడా చెప్పాను. టీ చల్లారిపోయింది.

చాలాసేపటికి, "మేడమ్, శుక్రవారం మీ క్లాసు ఎన్నింటికి అయిపోతుంది?" అని అడిగింది.