గ్రౌండ్ పక్కన వారానికి మూడు గంటలు

మే 9, 2025
అగ్నినక్షత్రం రోజులు. పొద్దున్న ఎనిమిదికే ఒళ్ళు మాడిపోతోంది. చెన్నై వ్యాసర్పాడి పిల్లలు మాత్రం ఫుట్‌బాల్ ఆపలేదు. ఒక కుర్రాడు తూలి పడితే నీడకు చేర్చి నీళ్ళు చల్లారు. కళ్ళు తిరగడమే, కాసేపటికి తేరుకున్నాడు. అదే పెద్ద వడదెబ్బ అయ్యుంటే? ముందు ఐసు నీళ్ళలో దింపి చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నా దగ్గర చేరిన జూనియర్ ఫిజియో స్పోర్ట్స్‌లో ఎం.పి.టి. (ఫిజియోథెరపీలో మాస్టర్స్) చేసింది. ఈ సూత్రం అడగ్గానే చెప్పింది. కానీ ఎవరైనా పక్కన నిలబడి చేయించగా చేసిన అనుభవం మాత్రం లేదు.

మే 14
జూనియర్ చదివింది బి.పి.టి. (ఫిజియోథెరపీ డిగ్రీ) నాలుగేళ్ళు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన ఎం.పి.టి. రెండేళ్ళు. చదువుకేం తక్కువ లేదు. ఆ రెండేళ్ళలో థీసిస్ చాలా కాలం మింగేస్తుంది. ఆట జరుగుతున్నచోట ఒక సీనియర్ కళ్ళముందు నిర్ణయాలు తీసుకోవడం నాకు తెలిసినంతలో మన దగ్గర తప్పనిసరి కాదు. అమెరికాలో దీనికోసమే డిగ్రీ తర్వాత రెసిడెన్సీ పెట్టారు. గుర్తింపునిచ్చే బోర్డు అడిగేది 1,500 గంటల పేషెంట్ కేర్. అందులో 150 గంటలు మెంటర్‌తో. మా క్లినిక్కులో మొదలుపెట్టబోయే రెసిడెన్సీకీ ఇదే కొలత పెట్టుకుందామన్నాను.

మే 15
లెక్క వేశాను. ఏడాదికి 150 గంటలంటే వారానికి మూడు. అంతే!

మే 22
ఆ మూడు గంటల దగ్గరే పేచీ. మెషీన్లు కొందామంటే సరేనన్న క్లినిక్కు పెద్దమనిషి, సీనియర్ ఒక పేషెంట్‌ని తాను చూడకుండా జూనియర్ చూస్తుంటే గమనించాలనగానే, "ఆ టైముకి బిల్లెవరు కడతారు సార్?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం క్లినిక్కు ఒక్కటే ఇవ్వగలిగేది కాదు.

జూన్ 3
పెరంబూరు రైల్వే ఆసుపత్రి ముందునుంచి నడిచి వచ్చాను. 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ మన దేశంలో తొలి విజయవంతమైన కరోనరీ బైపాస్ చేసింది ఇక్కడే, రైల్వే ఉద్యోగుల కోసం కట్టిన ఆసుపత్రిలో. సర్జన్ పుస్తకం చదివి, పరీక్ష రాసి, నేరుగా కత్తి పట్టుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు. ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళ పక్కన నిలబడాల్సిందే. మోకాలి ఆపరేషన్ చేసిన చేతికి అంత శిక్షణ ఉంటే, ఆ మోకాలిని మళ్ళీ కబడ్డీ మ్యాట్ మీదికి పంపే చేతికి అక్కర్లేదా?

జూన్ 20
కబడ్డీ కుర్రాడు. ఎ.సి.ఎల్. (మోకాలి లిగమెంటు) ఆపరేషన్ అయి ఆరో నెల. "సెలక్షన్స్ ఉన్నాయన్నా, ఆడేస్తా." జూనియర్‌నే మాట్లాడమన్నాను, నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. 2016లో వచ్చిన నార్వే అధ్యయనం ఆమెకు తెలుసు: తొమ్మిదో నెల వరకూ ఆటను ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మోకాలికి మళ్ళీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగానికి తగ్గిందని. అంకెలు చెప్పింది, వాడి మొహం మారలేదు. తర్వాత ఒంటికాలి గెంతు పరీక్ష పెట్టింది. రెండు కాళ్ళ దూరాలూ సుద్దతో గీసి చూపించింది. ఆ తేడా చూశాక కుర్రాడు తనే కిట్ బ్యాగ్ పక్కన పెట్టాడు. వాడు వెళ్ళాక అరగంట కూర్చుని ఆమెతో మాట్లాడాను: ఏ ప్రశ్న ముందు అడగాల్సింది, వాళ్ళ కోచ్‌కి ఎప్పుడు ఫోన్ చేయాలి. బిల్లు రాని అరగంట ఇదే. నా దృష్టిలో ఆ రోజంతటిలో విలువైన పని కూడా ఇదే.

జూలై 11
ఆసుపత్రులకు గుర్తింపు ముద్ర వేయడానికి ఎన్.ఎ.బి.హెచ్. ఉంది, కాలేజీలకు నాక్ ఉంది. 2021 చట్టంతో ఫిజియోథెరపీ సహా అనుబంధ వైద్యవృత్తులకు జాతీయ కమిషన్ కూడా వచ్చింది. స్పోర్ట్స్ ఫిజియో రెసిడెన్సీకి ముద్ర వేసే వ్యవస్థ మాత్రం మనకింకా లేదు. ముద్ర వచ్చేదాకా ఆగడం నాకిష్టం లేదు. ప్రతి మెంటరింగ్ గంటకూ తేదీ, కేసు, ఇద్దరి సంతకాలు ఉన్న పుస్తకం ఇవాళే తెరిచాం. రేపు ఎవరు తనిఖీకి వచ్చినా ముందు చూపించేది దాన్నే.

ఆగస్టు 8
2022లో ఇదే రోజు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు స్వర్ణం గెలిచింది. క్వార్టర్స్‌లోనే నొప్పి మొదలైందని తర్వాత తనే చెప్పింది. ఎడమ కాలికి స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్ళలేదు. అలాంటి పూట ఆటగాళ్ళ పక్కన కోచ్, ఫిజియో, ట్రైనర్ ఉంటారు. వ్యాసర్పాడి పిల్లాడి పక్కన ఎవరున్నారు?

ఆగస్టు 17
రైల్వే స్పోర్ట్స్ ప్రమోషన్ బోర్డు 1928 నుంచి ఉంది. 1955లో మొదలైన రైలు పెట్టెల కర్మాగారం ఐ.సి.ఎఫ్. ఇక్కడ పెరంబూరులోనే ఉంది, స్పోర్ట్స్ కోటా ఆటగాళ్ళున్నారు, మైదానాలున్నాయి, ఆసుపత్రి ఉంది. ఇన్నీ నడిచి వెళ్ళగలిగే దూరంలో దొరికే ఊళ్ళు తక్కువ. రైల్వే పెద్దలకు నా విన్నపం ఒక్కటే: మెషీన్లు తర్వాత కొనండి, ముందు ఒక సీనియర్ ఫిజియోకి వారానికి మూడు గంటలు నేర్పే పనిని డ్యూటీగా రాసివ్వండి.