శబ్దము – సత్తువ

మా తండ్రిగారు 1986వ సంవత్సరమున కొన్న బులెట్టు మోటారుసైకిలు నేటికిని మా యింటనే యున్నది. వారు గతించిన పిమ్మట దానిమీదనే నేను బడికి పోవుచున్నాను. 346 ఘన సెంటీమీటర్ల ఇంజను, పోతయినుప సిలిండరు, కుడికాలితో వేయవలసిన గేర్లు, 18 గుఱ్ఱముల బలము. ఈనాటి బండ్ల నడుమ అది పెండ్లింటికి వచ్చిన ముసలి బంధువువలె నుండును. అందఱును నమస్కరింతురు, ప్రక్కకు జరుగుమనియు అందురు.

మూడేండ్ల క్రిందట నాకొక దుర్బుద్ధి పుట్టినది. వంతెన యెక్కునపుడు కుఱ్ఱవాండ్రు నన్ను దాటిపోవుట మనస్సునకు కష్టముగా నుండెను. ఫిల్టరును సైలెన్సరును మార్చిన పాత బండికి యౌవనము వచ్చునని పలువురు చెప్పుచుండిరి. మా తండ్రిగారి కాలమునుండి ఆ బండిని చూచుచున్న ముసలి మెకానిక్కు నడిగితిని. "బండికి జబ్బేమీ లేదు గదండీ మాస్టారూ, మందెందుకండీ?" అనెను. ఆ మాట నాకు రుచింపలేదు. పట్టణములోని మఱియొక దుకాణమునకు పోయి, శంకువు ఆకారపు దూది ఫిల్టరు నొకటి, 'గోల్డుస్టారు' అను పేర అమ్ముడుపోవు సైలెన్సరు నొకటి బిగింపించుకొని వచ్చితిని.

నా ఆశకు ఆధారము లేకపోలేదు. ప్రాణాయామము నెఱిగినవారికి ఈ యంత్రము సులభముగా బోధపడును. పిస్టను క్రిందికి దిగుచు పెట్రోలు కలిసిన గాలిని పీల్చుట పూరకము. పైకి లేచుచు దానిని నొక్కిపట్టుట కుంభకము. అంతట ప్లగ్గు నిప్పురవ్వను వేయును. వాయువు మండి పిస్టనును త్రోయును. బండికి గల బలమంతయు ఆ క్షణముననే పుట్టును. మఱల పైకి లేచి పొగను వెలికి నెట్టుట రేచకము. ఇంజనులోని యిరుసు రెండు చుట్లు తిరుగులోపల ఈ నాలుగును ఒకమాఱు జరుగును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, త్రాటిలు పూర్తిగా తెఱచియున్నచో, లెక్కప్రకారము 500 లీటర్లకు పైగా గాలి లోనికి రావలెను. అంత గాలియు ఫిల్టరుయొక్క సన్నని సందులలోనుండి వచ్చి, పొగయై సైలెన్సరులోని అడ్డురేకుల నడుమ మెలికలు తిరిగి పోవలెను. ఆ రెండడ్డులను సడలించిన బండి హాయిగా ఊపిరి తీసికొని బలపడునని ఎవరికైనను తోచును. నాకును తోచినది.

మొదటి వారము నా సంతోషమునకు మేర లేదు. బండి గర్జించినది. గోడలు బదులు పలికినవి. వేగము పెరిగినదని ప్రమాణము చేసి చెప్పియుందును. రెండవ వారమున త్రాటిలు మూసినప్పుడెల్ల గొట్టములో టపాకాయలు ప్రేలసాగినవి. సిలిండరు దగ్గఱ గొట్టము నీలివర్ణము దాల్చెను. తల దించుకొని ముసలి మెకానిక్కు వద్దకే పోయితిని. అతడు ప్లగ్గు నూడదీసి నా చేతిలో పెట్టెను. ఇటుకపొడి రంగున నుండవలసిన దాని మొన సున్నమువలె తెల్లబడియున్నది. "గాలి పెంచారు గానీ తిండి పెంచలేదండీ మాస్టారూ. ఇలాగే తోలితే వాల్వు కాలిపోద్ది," అనెను.

పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు సుమారు 14.7 రెట్ల బరువుగల గాలి కావలెను. నిండు బలము కావలెనన్న గాలి యింకను కొంచెము తగ్గవలెను. ఈ పాళమును కాపాడునది కార్బురేటరు. దానిలో సన్నని రంధ్రములుగల ఇత్తడి జెట్లును, ఒక సూదియు నుండును. బండి నిలిచి కొట్టుకొనునపుడు చిన్న జెట్టు, నడిమి వేగమున సూది, త్రాటిలు పూర్తిగా త్రిప్పినపుడు పెద్ద జెట్టు పెట్రోలు నిచ్చును. కర్మాగారమువారు తమ ఫిల్టరును తమ సైలెన్సరును లెక్కించియే ఆ రంధ్రముల కొలత నిర్ణయించిరి. నేను చేసిన పని పదిమందికి వండిన యింటికి పదునైదుగురిని భోజనమునకు పిలిచినట్లున్నది. పెట్రోలు చాలని మంట మిక్కిలి వేడి. ఆ వేడికి మొదట బలియగునది పొగను విడుచు వాల్వు.

అతడు పెద్ద జెట్టును రెండు మెట్లు పెంచెను. సూదిపైనున్న క్లిప్పును ఒక గాడి దించి సూదిని పైకెత్తెను. నాలుగు దినములు బండిని త్రిప్పి, ప్లగ్గు చూచి, మఱల మార్చెను. ఓపికగల వైద్యుడు నాడి చూచునట్లే చూచెను. టపాకాయలు ఆగినవి. అప్పుడైనను బలము పెరిగినదా? ఒక ఆదివారము తెల్లవాఱుజామున మే మిరువురమును ఆ వంతెనయొద్దకే పోయితిమి. కొత్త సామగ్రితో మూడుసార్లు ఎక్కించి గడియారము చూచితిమి. తరువాత పాత ఫిల్టరు, పాత సైలెన్సరు, పాత జెట్టు బిగించి మఱల మూడుసార్లు. తేడా మా గడియారమున కందలేదు. లీటరునకు 40 కిలోమీటర్లు పోవుచుండిన బండి కొత్త సామగ్రితో మాత్రము 34 దాటలేదు.

కారణ మాలోచింపగా తేటపడినది. నెమ్మదిగా తిరుగుటకై పుట్టిన ఇంజను అది. దాని బలమునకు హద్దులు వాల్వుల పరిమాణము, వానిని తెఱచు క్యాము, గాలిని నొక్కు నిష్పత్తి. 18 గుఱ్ఱములకు కావలసిన గాలి పాత ఫిల్టరు సుఖముగా నిచ్చుచునే యుండెను. పందెపు బండికి వీనినన్నిటిని ఒక్కటిగా మార్చుదురు. అక్కడ ఈ సామగ్రికి అర్థము కలదు. నేను మార్చినది గొంతు మాత్రమే. పైగా పాత ఫిల్టరు పెట్టె ఇంజను వేడినుండి, వానజల్లునుండి గాలిని కాపాడుచుండెను. శంకువు ఫిల్టరు దుమ్మునకు వానకు ఎదురుగా నిలిచియుండును. నూనె పూసిన ఆ దూదిని అప్పుడప్పుడు కడిగి, ఆరబెట్టి, మఱల నూనె పూయవలెను. కోతల కాలమున రెండుమాఱులు నేను మఱచితిని.

గోల్డుస్టారు అను పేరునకు ఒక చరిత్ర కలదు. ఇంగ్లండులో వెయ్‌బ్రిడ్జి చెంత 1907లో బ్రూక్‌లాండ్సు అను పందెపు బాట ఏర్పడెను. అక్కడ గంటకు 100 మైళ్లకు మించిన వేగముతో పందెమున చుట్టు తిరిగిన మోటారుసైకిలు వీరునికి బంగారు నక్షత్రపు పతకము నిచ్చెడివారు. 1937లో వాల్టర్ హాండ్లే బి.ఎస్.ఏ. బండిమీద ఆ పతకము గెలిచెను. ఆ కంపెనీవారు తమ తరువాతి బండికి ఆ పేరే పెట్టిరి. అయితే ఇరుగుపొరుగువారు రొదకు తాళలేక న్యాయస్థానమున కెక్కిన కారణమున, 1920ల నడిమినుండియే ఆ బాటపై ప్రతి బండికిని పెద్ద డబ్బావంటి సైలెన్సరు తప్పనిసరి యయ్యెను. అనగా ఆ నక్షత్రము గెలిచిన బండికి నోరు కట్టియుండెను! దాని పేరుతో నేడు మనము కొనుచున్నది నోరు విప్పిన గొట్టము.

మన చట్టమును మెత్తనిది కాదు. శబ్ద కాలుష్యపు ప్రమాణములను అతిక్రమించి బండి నడపినవానికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 2019 సవరణ తరువాత, మొదటి తప్పునకే మూడు నెలల వరకు కారాగారమో, 10,000 రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని చెప్పుచున్నది. కాని నన్ను పట్టుకొన్నది పోలీసు కాదు.

ఆ ఆదివారపు పరీక్ష యైన పిదపకూడ నేను కొత్త సైలెన్సరునే మఱల బిగింపించుకొంటిని. చెప్పుటకు సిగ్గుగా నున్నది. అంత డబ్బు పోసి కొన్నదను మమకారము. ఒకనాడు ఉదయము ప్రార్థన జరుగుచుండగా గేటువద్ద ఒక బండి పెద్దగా అఱచినది. పిల్లల గొంతులు మునిగిపోయినవి. పదవ తరగతి బాలు డొకడు దానినుండి దిగి పరుగెత్తి వచ్చెను. ప్రార్థన ముగియగానే అతనిని పిలిచి, శబ్దమును గూర్చి, రోగులను గూర్చి, పసిబిడ్డలను గూర్చి చాలసేపు చెప్పితిని. అతడు తల వంచుకొని విని, చివరకు మెల్లగా, "మీ బండి శబ్దం బాగుందనే మా అన్నయ్య సైలెన్సరు మార్పించాడండీ," అనెను. ఎదురు చెప్పవలెనని అన్నమాట కాదది. ఉన్న సంగతి.

ఆ సాయంకాలమే పాత సైలెన్సరు మఱల ఎక్కినది. మెకానిక్కు కూలి పుచ్చుకొనలేదు. ఇంటి మలుపు తిరుగుచుండగా మా అమ్మగారు తలుపు తీసియుంచిరి. "మీ నాన్నగారి బండిలా వినపడింది," అనిరి.

కొత్తది అటకమీద నున్నది. మా బడిలోని ఉపాధ్యాయు డొకరు సగము ధరకు ఇమ్మని రెండుమాఱు లడిగిరి. ఇచ్చుటకు నోరు రాలేదు. ఆ బాలుని మొన్న అడిగితిని, మీ అన్నయ్య పాతది పెట్టించెనా యని. "ఇంకా లేదండీ మాస్టారూ. మీరు తీసేశారని చెప్పాను. చూసి వస్తానన్నాడు," అనెను.