చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గాలి బేరం

సికింద్రాబాదులో ప్యారడైజ్ కూడలి నుంచి పార్క్ లేన్‌లోకి అడుగుపెట్టినవారు చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎక్కడని ఎవరినీ అడగనక్కరలేదు. చంకలో కీబోర్డో, భుజాన కంప్యూటర్ పెట్టో మోసుకుపోయే మనుషుల వెంట నడిస్తే చాలు. ఆ మే నెలలో నేనూ అటువంటి పెట్టె ఒకటి ఆటోలోంచి దింపుకున్నాను.

ఆ యంత్రం మా అబ్బాయిది. పైచదువుకు పోతూ నాకు వదిలిపెట్టాడు. ముందూ పక్కా అద్దాలు, లోపల రంగులు మార్చే దీపాల ఫ్యాన్లు. తాను దాచుకున్న డబ్బుతో ఏరి ఏరి కొన్నవి. పాత పుస్తకాల పుటలను ఫోటో తీసి, దాని సాయంతో అక్షరాలుగా మార్చుకొని అనువాదం చేసుకుంటూ ఉంటాను. ఎండలు ముదిరాక మధ్యాహ్నమయ్యేసరికి అది దానంతటదే ఆగిపోసాగింది. ప్రచురణకర్తకిచ్చిన గడువేమో ఇంకా పది రోజులే ఉన్నది.

ఒక చిన్న దుకాణంలో కుర్రవాడు పక్క అద్దం విప్పి టార్చి వేసి చూపించాడు. హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకున్నది. ప్రాసెసర్ మీద పూసిన థర్మల్ పేస్టు ఎండి పెళుసుబారింది. ముందు అద్దానికీ చట్రానికీ నడుమ వేలెడు సందు కూడా లేదు.

"చూడనీకె మస్తుగుంటది సార్. గానీ గాలి యాడికెల్లి రావాలె?" అన్నాడు.

ప్రాసెసర్ వేడి 95, 100 డిగ్రీలకు చేరితే అది మొదట తన వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ఆత్మరక్షణకై ఆగిపోతుంది. ఫ్యాన్లయినా, నీటి గొట్టాలైనా దానిని గదిలోని గాలికంటె చల్లగా చేయలేవు. 25 డిగ్రీల గదిలో 70 చూపే యంత్రం 40 డిగ్రీల మా గదిలో ఇంచుమించు 85 చూపుతుంది. అట్టపెట్టెల మీద అచ్చువేసే గొప్పలన్నీ చల్లని గదుల లెక్కలే.

అక్కడ క్యాబినెట్ అంటే ఈ పెట్టే. తైవాన్‌కు చెందిన లియన్ లీ వారి ఓ11 డైనమిక్, 2018లో వచ్చినది, అద్దాల మేడ. ఫ్యాన్లు విడిగా కొనుక్కోవాలి. గాలిని అడుగునుంచీ పక్కనుంచీ తీసుకోవాలి. అలా అమర్చుకుంటే బాగానే పనిచేస్తుంది కాని, ఖర్చంతా అక్కడే. స్వీడన్ సంస్థ ఫ్రాక్టల్ డిజైన్ 2021లో తెచ్చిన టోరెంట్‌కు ముందువైపు 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు. అదే సంస్థ 2022 నాటి నార్త్‌కు ముఖాన కొయ్య పట్టీలు, వాటి వెనుక సన్నని జల్లెడ. దానిని చూడగానే మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో కటకటాల వసారా జ్ఞాపకం వచ్చింది. ఎదురెదురు గుమ్మాలు తెరిచిపెడితే వైశాఖంలో కూడా అక్కడ నిద్రపట్టేది. ధర విని ఆ జ్ఞాపకంతోనే సరిపెట్టుకున్నాను.

మరో అరలో మాడింగ్ సరంజామా: దీపాల పట్టీలు, రంగు తొడుగుల తీగలు. అనువాదకుణ్ణి గనుక ఆ మాటకు తెలుగు వెతికాను. 'సింగారం' కంటె దగ్గరిది దొరకలేదు. ఆ సింగారాల మధ్య ఆస్ట్రియా వారి నోక్టువా ఫ్యాన్లు పాలు తక్కువైన కాఫీ రంగులో ముభావంగా ఉన్నాయి. వాటి పేరంతా నిశ్శబ్దానికే.

నీటితో చల్లబరిచే సాధనం తీసుకొమ్మని పక్క దుకాణదారు పట్టుబట్టాడు. 360 మిల్లీమీటర్ల రేడియేటర్ వేడిని బాగానే లాగుతుంది, నిజమే. కాని అందులో పంపు ఉంటుంది, ఏనాడో అది ఆగవచ్చు. గాలితో పనిచేసే కూలర్‌లోని రాగి గొట్టాలకు ఆ భయం లేదు. లోపల ఉన్న కాస్త నీరు వేడికి ఆవిరై, చల్లని కొసన తిరిగి నీరై, గొట్టం లోపలి పొర వెంట వెనుకకు పాకుతుంది. నేను దానినే ఎంచుకున్నాను.

ముఖాన జల్లెడ గల సాదా క్యాబినెట్ ఒకటి కుదిరింది. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి తీసుకుంటే, వెనుక ఒకటి బయటికి నెట్టాలి. లోపలికి వచ్చేది ఎక్కువైతే సందుల్లోంచి దుమ్ము చొరబడదు. డబ్బివ్వబోతూ అబ్బాయికి ఫోను చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నా ఫ్యాను ఒక్కటైనా ఉంచండి నాన్నా," అన్నాడు.

వెనుక ఫ్యానుగా దానినే బిగించమన్నాను. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు గదిలో 41 డిగ్రీలు, ప్రాసెసర్‌లో 82. పన్నెండో అధ్యాయం సాగుతూ ఉన్నది. యంత్రం వెనుక గోడమీద ఎరుపూ నీలమూ మారుతూ ఉన్నాయి.