కొండెక్కే ముందు సంచి తూచండి

"డాక్టరుగారూ, అరకు వెళుతున్నాం. ఏయే మందులు పట్టుకెళ్ళమంటారు?" కార్తీకమాసం దాటి చలి మొదలైందంటే చాలు, ఈ ప్రశ్న అడిగేవారు ఎక్కువవుతారు. మందుల సంగతి తప్పకుండా చెబుతాను. ముందు మీరు నాకొక సంగతి చెప్పాలి. మీ సంచి బరువెంత?

నవ్వకండి. మన ఊళ్ళల్లో అయితే గుమ్మంలో ఆటో ఎక్కి, మళ్ళీ గుమ్మంలోనే దిగుతాం. పెట్టె ఎంత బరువున్నా చెల్లిపోతుంది. కొండల్లో అలా కాదు. రైలు దిగినా, బస్సు దిగినా కొంతదూరం మీ కాళ్ళే మిమ్మల్ని మోయాలి. మీ సంచిని కూడా అవే మోయాలి.

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. రైలుదారి 1960 దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసినది. శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలుపెట్టి, సొరంగం వెంట సొరంగం దాటుకుంటూ, శిమిలిగుడ స్టేషను దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఉదయం సముద్రపు గాలి పీల్చినవారు మధ్యాహ్నానికల్లా ఆకాశంలో మేఘాల పక్కన ఉంటారు.

"అంత ఎత్తులో ఊపిరి ఆడుతుందా?" అని కొందరు పెద్దవాళ్ళు భయపడుతుంటారు. ఆ భయం అక్కరలేదు. ఎత్తువల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటితేగాని రాదు. అరకులో మీకు ఆయాసం వస్తే దానికి కారణం గాలి కాదు. ఏటవాలు దారి, మెట్లు, వీపుమీది బరువు. బొర్రా గుహల్లో మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. పాడేరు దగ్గర వంజంగి కొండమీద మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే చలిలో, చీకట్లో ఎక్కాలి. మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద పడే ఒత్తిడి మన ఒంటి బరువుకు మూడింతలకు తక్కువ ఉండదు. వీపుమీద పెంచిన ప్రతి కిలోకూ మోకాలు ఇదే లెక్కన వడ్డీ కడుతుంది.

మరి ఎంత బరువు మోయవచ్చు? నడక అలవాటులేని ఇంటిపట్టు మనుషులు తమ బరువులో పదోవంతు మించకుండా చూసుకోవాలి. 60 కిలోల మనిషికి 6 కిలోలు. బడిపిల్లల పుస్తకాల సంచికి 2020లో కేంద్రప్రభుత్వం చెప్పిన లెక్క కూడా ఇదే. నడుంనొప్పి, మోకాళ్ళ నొప్పులు, గుండెజబ్బు ఉన్నవారు ఇంకా తగ్గించాలి. ఇంట్లో బరువు తూచే యంత్రం ఉంటే ముందు ఒట్టిగా, తర్వాత సంచి తగిలించుకుని నిలబడండి. తేడా చూసుకుంటే సగం సామాను మీరే బయటికి తీస్తారు.

ఒకప్పుడు మన ప్రయాణమంటే హోల్డాలు, ట్రంకుపెట్టె, మరచెంబు. అవి మోయడానికి కూలీ ఉండేవాడు. ఇప్పుడు పెట్టెపోయి సంచి వచ్చిందిగాని సర్దే అలవాటు మారలేదు. మూడురోజుల ప్రయాణానికి ఏడు జతల బట్టలు, జంతికల డబ్బా, ఆవకాయ సీసా! వీటిలో ఏది లేకపోయినా అరకులో బతకవచ్చు. ఒంటిమీద ఒక జత, సంచిలో రెండు జతలు చాలు. బొద్దు టర్కీ తువాలు తడిస్తే బరువెక్కుతుంది, మంచులో ఆరదు. పలుచని తుండుగుడ్డ మేలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీలకంటే కిందికి దిగుతుంది. అందుకని మందపాటి కోటు కొనవద్దు. చొక్కామీద స్వెట్టరు, దానిమీద శాలువా వేసుకోండి. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. ఎండెక్కాక ఒక్కొక్కటే తీసేయవచ్చు. చెవులకు మంకీక్యాపు, రెండు జతల మేజోళ్ళు మరవకండి. తడి మేజోళ్ళతో తిరిగితే వేళ్ళసందున పాచిపోతుంది.

సంచి సర్దడంలో కూడా పద్ధతి ఉంది. బరువైన వస్తువులు వెన్నెముకకు ఆనుకునేలా, నడివీపు దగ్గర ఉండాలి. సంచి నడుం కిందికి వేలాడకూడదు. రెండు పట్టీలూ రెండు భుజాలకూ వేసుకోవాలి. ఒకే భుజాన వేలాడదీస్తే మెడ ఒకపక్కకు లాగుతుంది, రాత్రికి నొప్పి మొదలవుతుంది. పట్టీలు సన్నగా, బిగుతుగా ఉంటే మెడ నుంచి చేతికి వెళ్ళే నరాలు నలుగుతాయి. చేతివేళ్ళు తిమ్మిరెక్కినా, చేతిలో పట్టు తగ్గినా వెంటనే సంచి దించండి. తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. నేలమీది సంచిని నడుం వంచి ఎత్తవద్దు, మోకాళ్ళు వంచి ఎత్తండి.

బరువు మోయడమెలాగో సంతకు వచ్చే కొండవాళ్ళను చూస్తే తెలుస్తుంది. గదబ, పోర్జా, కొండదొర, భగత కుటుంబాలవారు పసుపు, పిప్పళ్ళు, చింతపండు, కొండచీపుర్లు కావళ్ళమీదా నెత్తిమీదా తెస్తారు. కావడికి రెండువైపులా బరువు సమానంగా ఉంటుంది. తలమీది మూట వెన్నెముకకు సరిగ్గా పైన నిలుస్తుంది. చూసి నేర్చుకోండిగాని, "వాళ్ళకు అలవాటే, ఏమీ కాదు" అనుకోకండి. బరువు అందరి కీళ్ళనూ అరగదీస్తుంది. రక్తం తక్కువగా ఉన్న తల్లి నెత్తిన మూటతో, చంకన బిడ్డతో నడవడం ఆరోగ్యం కాదు, అవసరం.

ఇక అసలు మందుల సంగతి. తగ్గించవలసిన సామాను ఎంత ఉన్నా, తగ్గించకూడనివి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మీరు రోజూ వాడే మాత్రలు. బి.పి., మధుమేహం, గుండెజబ్బు, మూర్ఛ, ఉబ్బసం ఉన్నవారు ప్రయాణపు రోజులకు మరో మూడు రోజులవి కలిపి తీసుకోవాలి. అవి లాడ్జిలో కాదు, మీ వీపున ఉండాలి. వంజంగి ఎక్కుతుండగా గుండెలో నొప్పి వస్తే, కింద గదిలో ఉన్న మాత్ర ఎందుకు పనికొస్తుంది? ఇన్సులిన్‌ను ఎండ తగిలే పై అరలో పెట్టవద్దు, ఐసుకు ఆనించనూ వద్దు.

రెండవది, దోమతెర. ఒక మనిషికి సరిపోయే నైలాన్ తెర మడిస్తే చిన్న పొట్లమంత అవుతుంది. విశాఖ మన్యం ఎప్పటినుంచో మలేరియాకు పేరుపడ్డ ప్రాంతం. ఇక్కడ కనిపించే ఫాల్సిపారం రకం మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. మలేరియా దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. ఆ దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా. సాయంత్రం కాగానే పొడుగుచేతుల చొక్కా వేసుకోండి. ముందుజాగ్రత్త మాత్రలు అవసరమో కాదో బయలుదేరేముందే మీ డాక్టరును అడగండి. గర్భిణులు, చిన్నపిల్లలు అన్ని మాత్రలూ వాడకూడదు.

మూడవది, నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు. ఒక్కొక్క పొట్లం బరువు సుమారు 21 గ్రాములు. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు సమతలపు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. కొలత తప్పకూడదు.

వీటికి తోడు ఒక టార్చిలైటు, గాయానికి గుడ్డ, జ్వరానికి పారాసెటమాల్. అనంతగిరి ఘాటుమలుపుల్లో వాంతులయ్యేవారు అరగంట ముందు మాత్ర వేసుకుని, ముందుసీట్లో కూర్చుని దూరంగా చూడాలి. ఆ మాత్ర మత్తు కలిగిస్తుంది కనుక బండి నడిపేవారు వేసుకోకూడదు.

ఇంత పట్టుపట్టి ఎందుకు చెబుతున్నానంటే, ఈ కొండల్లో రోడ్డు చేరని గూడేలు ఇంకా ఉన్నాయి. పురిటినొప్పుల తల్లిని, స్పృహతప్పిన రోగిని కర్రకు దుప్పటి కట్టి డోలీలో రోడ్డుదాకా మోసుకొస్తారు. అక్కడి నుంచి అంబులెన్సు. ప్రాణం మీదికి వస్తే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి దాకా పోవాలి. చాపరాయి నాచురాళ్ళమీద బరువుసంచితో జారి కాలు విరగ్గొట్టుకున్న యాత్రికుణ్ణి ఎత్తవలసిందీ, అతనికోసం అంబులెన్సు పిలవవలసిందీ ఆ చుట్టుపక్కల మనుషులే. మన ఆవకాయ సీసా బరువు వాళ్ళ భుజాలమీద పెట్టడం న్యాయం కాదు.

ఇంకొక మాట. మిగిలిన మాత్రలు గూడెంలో పంచిపెట్టకండి. ఏ మాత్ర ఎవరికి పడదో మీకు తెలియదు. అక్కడ ఆశా కార్యకర్త ఉంది, ప్రాథమిక ఆరోగ్యకేంద్రం ఉంది. మీ ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ సంచులు మీతోనే కిందికి తెచ్చుకోండి. నిండుగా ఉన్నప్పుడు మోసినవి ఖాళీ అయ్యాక బరువు కాదుగదా!

ఇంటికి చేరాక సంచి దులిపి ఎండలో వేయండి. ఆ తర్వాత నెలరోజుల్లోపు చలి, జ్వరం వస్తే ఫ్లూ అనుకుని ఊరుకోవద్దు. కొన్ని నెలలకు వచ్చినా సరే, అదేరోజు దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరు అడగకపోయినా "అరకు వెళ్ళి వచ్చానండీ" అని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్ష ఉచితం.