అనంతగిరిలో ఒక పగలు

ఫజ్ర్ నమాజు ముగించుకొని తాండూరులో రైలెక్కి వికారాబాదులో దిగాము. అక్కడి నుండి ఆటోలో అనంతగిరి. హైదరాబాదు నడుమ పారే మూసీ నది పుట్టినది ఈ కొండలలోనే. నెమలి కూత వినిపించింది గాని నెమలి కానరాలేదు. కోతులు మాత్రం రోడ్డు పక్కనే గుంపులుగా కూర్చుండి, ఆగిన ప్రతి కారు వంకా ఆశగా చూస్తున్నాయి.

మా చిన్నవాడు సంచిలోంచి అరటిపండు తీశాడు. మావారు వారించారు.

“ఒక్కటే కదా అబ్బా!”

“మీ దాదా కంది చేనుకు పొద్దస్తమానం కావలి ఎందుకు కాస్తున్నారో మరిచావా?”

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది అది. చేతి తిండి మరిగిన కోతికి మనిషి జంకు పోతుంది. పిదప చేలకు దిగుతుంది. వాడు ముఖం ముడుచుకున్నాడు.

కొంత లోపలికి నడిచాము. మేడిచెట్టుపై ఒక తల్లికోతి, పిల్లను పొట్టకు కరిపించుకొని, పండ్లు కోసుకు తింటున్నది. మమ్మల్ని లెక్కచేయనే లేదు. వాడు చాలాసేపు కదలక చూశాడు.

ఆ అరటిపండును తిరుగు రైలులో వాడే తిన్నాడు.