అప్‌డేట్ ఫెయిలైందంట అల్లుడా!

మనం ఆఫీసులో ఏం పని చేస్తామో చుట్టాలకి అనవసరం. జావా రాస్తామా, టెస్టింగ్ చేస్తామా, డేటాబేసులు చూస్తామా... వాళ్ళకి తెలిసింది ఒకటే, "పిలగాడు కంప్యూటర్ల ఉన్నడు". కాబట్టి పండక్కి వెళ్ళినా పబ్బానికి వెళ్ళినా, భోజనం అయ్యాక ఓ సీపీయూ ముందు కూర్చోవాల్సిందే. దీన్ని నేనేం తప్పుపట్టను. ఆఫీసులో అప్‌డేట్ల సంగతి చూడ్డానికి ఓ డిపార్ట్‌మెంట్ ఉంటుంది. ఇంట్లో ఆ డిపార్ట్‌మెంట్ మనమే.

నా బాధల్లా అలా కూర్చున్నాక మనోళ్ళు చేసే పని గురించి. అప్‌డేట్ ఫెయిలవుతోంది అనగానే సర్వీసెస్‌లోకి వెళ్ళి అప్‌డేట్‌ని డిజేబుల్ చేసి, చాయ్ తాగి వచ్చేస్తారు. దగ్గుతున్నవాడి నోటికి ప్లాస్టరు వేసినట్టు!

మా మామ ఉండేది పాతబస్తీలో, గౌలిపురా. ఇంట్లోనే డీటీపీ. పెళ్ళిపత్రికలు డిజైన్ చేసి ఛత్తా బజార్‌లో ప్రింటు చేయిస్తాడు. ఆషాఢం వస్తే లాల్ దర్వాజా బోనాల ఫ్లెక్సీలు. 2024 బోనాల ముందు ఫోన్ చేశాడు. "అల్లుడా, గిది రోజూ చక్రం తిప్పుతది, మళ్ల ఎనక్కొస్తది. దుకాణపోడేమో అప్‌డేట్ బంద్ జేస్తే అయిపోతది అంటుండు." వద్దు మామా, ఆదివారం వస్తా అన్నాను.

వెళ్ళి అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే ఒకటి కాదు, రెండు రకాల ఎర్రర్లు. కొన్నిసార్లు 80072ఎఫ్8ఎఫ్, కొన్నిసార్లు 80070070. జనం వీటిని చూసి జడుసుకుంటారు గానీ మనలాంటి వాళ్ళు జడుసుకోకూడదు. ముందున్న 8007 అంటే ఇది మామూలు విండోస్ ఎర్రరే అని. మిగిలిన నాలుగంకెలు హెక్సాలో ఉన్న అసలు నంబరు. 0070ని దశాంశంలోకి మారిస్తే 112. కమాండ్ ప్రాంప్టులో నెట్ హెల్ప్‌మెసేజ్ 112 అని కొడితే, డిస్కులో చోటు లేదని మామూలు భాషలో చెప్పేస్తుంది. రెండోది, 2ఎఫ్8ఎఫ్ అంటే 12175. సెక్యూర్ కనెక్షన్ కుదరలేదని. ఇది ఇళ్ళల్లో కనిపిస్తే నేను ముందు చూసేది తేదీ.

తేదీ చూద్దును కదా, సరిగ్గానే ఉంది! అప్పుడు అత్తయ్య అసలు సంగతి చెప్పింది. రోజూ పొద్దున చాయ్ అయ్యాక మామ గడియారానికి కీ ఇచ్చినట్టు కంప్యూటర్ తేదీ మారుస్తాడట. రాత్రి పడుకోబోయే ముందు గోడ మీద స్విచ్చు ఆపేయడం ఆ ఇంటి నియమం. కరెంటు పూర్తిగా తీసేస్తే మదర్‌బోర్డు గడియారం నడిచేది ఆ రూపాయి బిళ్ళంత బ్యాటరీ మీదే. అది ఎప్పుడో చచ్చిపోయింది. పొద్దున ఆన్ చేయగానే మెషీన్ కొన్నేళ్ళు వెనక్కి పోతుంది. ఆ తేదీకి సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, ఇక నమ్మేదెలా? ఇంటర్నెట్ చూసి టైము సరిచేసుకోదా అంటారేమో, తేడా 15 గంటలు దాటితే విండోస్ మామూలుగా దాన్ని దిద్దదు. అలా పొద్దున ఒక ఎర్రరు. మామ తేదీ దిద్దాక డౌన్‌లోడ్ నడుస్తుంది, అప్పుడు చోటు లేక రెండో ఎర్రరు.

సీ డ్రైవ్ మొత్తం యాభై జీబీ. ఎనిమిదేళ్ళ పెళ్ళిపత్రికలన్నీ డెస్క్‌టాప్ మీదే. డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవేనని మామకి చెబితే నమ్మలేదు. "అది ముంగట ఉన్నది కదరా, లోపటెట్లుంటది?" అన్నాడు. ఆ ప్రశ్నలో నాకైతే తప్పేం కనబడలేదు.

బ్యాటరీ మార్చాం, ఫైళ్ళన్నీ డీ డ్రైవ్‌కి తోలాం. అప్‌డేట్ సర్వీసుల్ని ఆపి, సగంసగం దిగిన ముక్కలున్న సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, మళ్ళీ మొదలెట్టాను. డిజమ్ రిస్టోర్ హెల్త్, దాని తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్. ఈ వరుసే మంచిది, ఎందుకంటే రెండోది బాగుచేయడానికి సరుకు తెచ్చుకునేది మొదటిది బాగుచేసిన చోటునుంచే. సాయంత్రానికి అప్‌డేట్ ఎక్కింది. మధ్యలో ఓసారి కరెంటు పోయింది. కంప్యూటర్ ఆపకండి అని తెరమీద రాసే ఉంది, కానీ కరెంటోళ్ళకి కనబడాలిగా!

ఇలా నంబరు విప్పి చూస్తే ప్రతిసారీ దారి దొరుకుతుందని అనను. అదే ఏడాది జనవరి 9న వచ్చిన కేబీ5034441 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. బిట్‌లాకర్ లోపం ఒకటి పూడ్చడానికి వచ్చింది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోతే ఫెయిల్. చోటు చాలక ఆగిపోతే ఆ మాటే చెప్పాలి కదా, 80070643 చూపించింది. విప్పితే 1603, అంటే ఇన్‌స్టలేషన్ ఫెయిలైందని! ఎర్రర్ చూపించడంలోనే ఎర్రరుందని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. చివరికి ఆటోమేటిక్ పరిష్కారం రాదు, పార్టిషన్ మీరే పెంచుకోండి అంది. డిస్క్‌పార్ట్‌లో పార్టిషన్ చెరిపి మళ్ళీ సృష్టించమని మామలాంటి వాళ్ళకి ఎవరు చెబుతారండీ? చెప్పినా నేనైతే చెయ్యనివ్వను.

ఇంత తలనొప్పి ఉన్నా బంద్ చేయడం ఎందుకు వద్దంటానంటే, 2017 మే 12న వానాక్రై వచ్చింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్ మార్చి 14నే విడుదలైంది. అంటే దాదాపు రెండు నెలలు టైముంది. అయినా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. పోలీసులకే ఆ గతి పడితే, పత్రికలన్నీ ఒకే డిస్కులో పెట్టుకున్న మామ మాటేమిటి? ముహూర్తానికి మూడ్రోజుల ముందు ఫైలు తెరుచుకోకపోతే పెళ్ళివాళ్ళు వింటారా?

ఇప్పుడు వేరే చిక్కు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు అయిపోయింది. మామది ఆరో తరం ఐ3. ఒకటి రెండు మినహాయింపులు తప్ప విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. ఇళ్ళ కంప్యూటర్లకి 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపు ఇచ్చారు, సెట్టింగ్స్ బ్యాకప్‌ని మైక్రోసాఫ్ట్ ఖాతాకి కలిపితే డబ్బు కట్టక్కర్లేదు. మామని అందులో చేర్పించాను. కొత్తది కొనుక్కో మామా అంటే, "నా పాత కార్డులు తెరుచుకుంటయా?" అన్నాడు.

అవన్నీ 2001 నాటి పేజ్‌మేకర్ 7, పైన అను ఫాంట్లు. ఆ ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే పెళ్ళికూతురి పేరున్న చోట పిచ్చి గుర్తులు. పీడీఎఫ్‌లు చేసి పెట్టుకో అన్నాను. పీడీఎఫ్ ప్రింటుకి బానే ఉంటుంది, కానీ మామకి కావలసింది అందులో పేర్లు మార్చడం. అన్న పెళ్ళికి కొట్టిన కార్డే తమ్ముడి పెళ్ళికి పేరు మార్చి కొట్టమంటారట చాలామంది. సరే, పాతదాన్ని నెట్ పీకేసి కార్డులకి ఉంచుదాం, కొత్తది పక్కన పెడదాం అన్నాను.

"రెండు పెట్టనీకి జాగ ఏడుంది?" అంది అత్తయ్య.